అర సెంటు జీలకర్ర

నవంబరు పదహారో తేదీ, ఆదివారం, ఉదయం ఆరు గంటల నలభై నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. ఉత్తరం నుంచి సన్నని గాలి వీస్తోంది. మా వరండా గోడకు తగిలించిన ఉష్ణమాపకం బయలుదేరేముందు పంతొమ్మిది డిగ్రీలు చూపింది. చేలో ఇంకొక డిగ్రీ తక్కువే ఉండి ఉంటుంది గాని, అక్కడ కొలవలేదు కనుక ఆ అంకె రాయను. ఆ సమయానికి నేనూ మా చెల్లెలూ గురజాలకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని మా ఊరి కాలువ చేలో కూర్చుని, పది సాళ్ళలో, సాలుకు మూడు వందల చొప్పున, మూడు వేల జీలకర్ర గింజలు నాటడం మొదలుపెట్టాము. తొమ్మిదింబావుకు ముగించాము.

పల్నాడులో జీలకర్ర తినని ఇల్లు లేదు. పండించిన చేను మాత్రం నేను చూడలేదు. అయినా మేము ఆ పనికి దిగడానికి కారణం మా చెల్లెలి కౌలు భూమి. ఆమె భర్త పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. మూడెకరాలు కౌలుకు తీసుకుని ఒంటిచేత్తో సేద్యం చేస్తుంది. అందులో రెండెకరాలు మెట్ట, ఒక ఎకరం కాలువ పక్కది. ఆ కాలువ ఎకరంలో వేసిన మిరప వరసగా రెండేళ్ళు తామర పురుగు పట్టి, పూత దశలోనే ముడుచుకుపోయింది. కౌలు కొనసాగిస్తుందో లేదో ఉగాదిలోగా చెప్పాలని భూమి ఆసామి కబురు చేశాడు. మూడో ఏడు కూడా పోతే ఇక సేద్యం మానుకుని మిరప కోతలకు కూలికి పోవలసిందేనని ఆమె నాతో ఒకసారి అంది, అదీ ఇటు చూడకుండా, చీపురు పుల్లలు సరిచేసుకుంటూ.

అక్టోబరులో ఒక సాయంత్రం ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఉత్తరాది రైతు ఒకాయన జీలకర్ర చేలో నిలబడి మాట్లాడుతున్న వీడియో అది. ఎకరానికి మూడు క్వింటాళ్ళు తీశానని ఆయన చెప్పినట్టు కింద తెలుగులో అక్షరాలు పడుతున్నాయి.

"అన్నయ్యా, కొట్లో జీలకర్ర రేటు చూశావా? చానా పెరిగింది. ఆ కాలవ ఎకరంలో ఇది ఏసేస్తే ఏంది?"

"ఈ చుట్టుపక్కల ఎవరైనా వేశారా?"

"ఎవరూ ఏయలేదు కాబట్టే మనం ఏద్దాం."

"ఎవరూ ఎందుకు వేయలేదో ముందు కనుక్కోవాలి."

"నువ్వు కనుక్కునేలోపు నాకు డెబ్బై ఏళ్ళొస్తయ్."

మా ఇంటావిడ వంటింట్లోంచే అందుకుంది: "ఏమే, మీ అన్నయ్య సంగతి నీకు కొత్తా? పెళ్ళిలో నా నెత్తిన జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు కూడా గడియారం చూసుకున్న మనిషి. పంతులు పెట్టమంటే ఇంకా నిమిషం ఉందన్నాడు."

అది నిజమే. ముహూర్తానికి నిజంగా ఇంకా ఒక నిమిషం ఉంది.

నేను విజయపురి సౌత్‌లో నీటిపారుదల శాఖలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. నీటిమట్టం కొలిచి, వేళ రాసి, అంకె రాసి, సంతకం పెట్టడం నా పని. చూసిన అంకె తప్ప అనుకున్న అంకె రాయకూడదన్నది అక్కడ అబ్బిన అలవాటు. అందువల్ల వీడియో మీద నమ్మకం పెట్టుకుని ఎకరం దున్నడానికి నేను ఒప్పుకోలేదు. చివరకు ఇద్దరమూ ఒక షరతు మీద కుదురుకున్నాము. ముందుగా అర సెంటులో వేసి చూడాలి. ఎకరానికి మూడు క్వింటాళ్ళ లెక్కన అర సెంటుకు ఒకటిన్నర కిలో రావాలి. మనకు అనుభవం లేదు కనుక అందులో మూడో వంతు తగ్గించుకుందాము. కిలో వస్తే ఆమె కాలువ ఎకరం ఉంచుకుని వచ్చే ఏడు జీలకర్ర వేస్తుంది. కిలో రాకపోతే ఆ ఎకరం ఆసామికి వదిలేస్తుంది.

నాటేలోపు ఆ గింజను గురించి తెలుసుకోగలిగినంత తెలుసుకున్నాను. దాని పుట్టిల్లు మన దేశం కాదు. మధ్యధరా సముద్రపు తూర్పు తీరం, అక్కడి నుంచి ఇరాన్ వరకూ ఉన్న పొడి నేలలు దానివి. ఎప్పుడు ఎవరు మన దేశానికి తెచ్చారో తేదీతో సహా చెప్పినవారు నాకు దొరకలేదు, కనుక ఆ విషయం అక్కడే వదిలాను. ఇప్పుడు మన దేశంలో గుజరాత్, రాజస్థాన్ రైతులు ఎక్కువగా పండిస్తారు. చలికాలపు పంట. తక్కువ నీరు, ఎండిన గాలి, మబ్బులేని ఆకాశం దానికి కావాలి. నాటిన రోజున ఒక తడి, ఆ తర్వాత మరి రెండు మూడు తేలికపాటి తడులు చాలు. పూత గింజగా మారుతున్నప్పుడు నీరు పెడితే వేరు కుళ్ళి మొక్క వడలిపోతుంది. ఈ చివరి వాక్యాన్ని నోటుపుస్తకంలో ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు గీశాను.

దాని గుణాల గురించి మాత్రం పుస్తకాల కన్నా మా వంటిల్లే ఎక్కువ చెప్పింది. మా ఇంట్లో పప్పు తాలింపులో ఆవాలు చిటపటలాడాక జీలకర్ర పడుతుంది, ముందు పడితే మాడుతుంది. చారు పొడిలో మిరియాలకు రెట్టింపు. కొరివికారంలో వేయించి దంచినది. మజ్జిగలో పచ్చిది నలిపి, ఉప్పుతో. మా అమ్మ బాలింతలకు నెయ్యి అన్నంలో జీలకర్ర కారం కలిపి మొదటి ముద్ద పెట్టేది. అరుగుతుందనీ, పాలు పడతాయనీ అనేది. పాల సంగతి నేను నిర్ధారించలేను. అరుగుదల సంగతి నా ఒంటి మీదే పరీక్షించాను. ఉద్యోగ విరమణ తరువాతి ఏడు, నలభై రోజులపాటు పొద్దున్నే ఒక గ్లాసుడు జీలకర్ర కాచిన నీళ్ళు తాగాను. మొదటిరోజు బరువు డెబ్బై ఒకటి పాయింటు నాలుగు కిలోలు, చివరిరోజు డెబ్బై ఒకటి పాయింటు రెండు. ఆ తేడా తూకపు యంత్రంలోనే ఉండవచ్చు. కనుక బరువు తగ్గిస్తుందని నేను చెప్పను. రాత్రి భోజనం తర్వాతి కడుపుబ్బరం మాత్రం మొదటి పదిరోజుల్లో ఏడుసార్లు, చివరి పదిరోజుల్లో రెండుసార్లు.

"త్రేన్పులు కూడా పుస్తకంలో ఎక్కించే ఇల్లు ఈ జిల్లాలో ఇదొక్కటే" అని ఇంటావిడ మా చెల్లెలికి చెప్పి నవ్వుకునేది. ఇనుము ఎక్కువని కూడా అంటారు. ఎక్కువే కావచ్చు, కానీ మనం తినేది చిటికెడు.

నాటకముందు వంద గింజలు తడిగుడ్డలో కట్టి చూశాను. పద్నాలుగు రోజుల్లో అరవై ఒకటి మొలకెత్తాయి. చేలో పదకొండో రోజున, నవంబరు ఇరవై ఏడు గురువారంనాడు, మొదటి మొలక పైకి వచ్చింది. డిసెంబరు మూడున సాలు సాలుకూ కూర్చుని లెక్కపెట్టాను. మొత్తం వెయ్యిన్ని ఆరువందల ఎనభై ఎనిమిది. ఆకు దారప్పోగు మందాన ఉంటుంది. గట్టున పోయేవాళ్ళకు అది గడ్డిలా కనిపించింది.

పక్క చేను రైతు ఒకడున్నాడు. నాకన్నా పదహారేళ్ళు చిన్న. నన్ను అన్నా అనీ, మా చెల్లెల్ని అక్కా అనీ పిలుస్తాడు. వాడొకసారి గట్టున ఆగి, నేను మొక్కల మధ్య పీట వేసుకుని కూర్చోవడం చూశాడు.

"అన్నా, గడ్డి పీకుతున్నావా, లెక్కపెడుతున్నావా?"

"లెక్కపెడుతున్నాను."

"అయితే సరే. పీకుతున్నావేమో, అక్క తిడుద్దని చెప్దామనుకున్నా."

డిసెంబరు తొమ్మిది నుంచి పన్నెండు వరకు నాలుగు రోజులు మబ్బు పట్టింది. చినుకు పడలేదు గాని ఎండ లేదు. ఆకుల మీద గోధుమరంగు మచ్చలు వచ్చాయి. చెల్లెలు పొయ్యి బూడిద జల్లెడ పట్టి పొద్దున్నే మంచు ఆరకముందు చల్లింది. బూడిద వల్ల తగ్గిందో, ఎండ రావడం వల్ల తగ్గిందో తెలియదు. పదిహేనో తేదీ లెక్కకు వెయ్యిన్ని నాలుగువందల ముప్ఫై ఒకటి మిగిలాయి. రెండువందల యాభై ఏడు పోయాయన్నమాట. అయినా జనవరి మధ్యకు పూత వచ్చింది. చిన్న చిన్న తెల్లని పూలు, గొడుగు ఊచల్లా విడివిడి కాడల మీద. జనవరి ఇరవై మూడున పద్నాలుగువందల రెండు మొక్కలు పూతమీద ఉన్నాయి. ఒక పూగుత్తి నలిపి వాసన చూసి చెల్లెలు నా ముక్కు దగ్గర పెట్టింది. "వచ్చింది, అన్నయ్యా" అంది. నిజంగానే చారు వాసన వచ్చింది. ఆ రోజు ఇంటికి వెళ్తూ, కిలో దాటవచ్చునని పుస్తకంలో పెన్సిలుతో రాశాను. అనుకున్న అంకె రాయడం అదే మొదటిసారి.

మరునాడు నా కుడికంటి శుక్లం ఆపరేషనుకు నరసరావుపేట వెళ్ళాను. ఇంటావిడ వెంట వచ్చింది. తిరిగి వచ్చింది ఇరవై తొమ్మిదిన, గురువారం సాయంత్రం. ఆ అయిదు రోజులూ చెల్లెలు మెట్ట చేలో మిరప కోతల్లో ఉంది. మడిలోకి ఎవరూ దిగనక్కరలేదని, దిగితే పూత తొక్కిడికి రాలుతుందని నేనే చెప్పి వెళ్ళాను.

ముప్ఫయ్యో తేదీ పొద్దున ఆమె కాలువ చేనుకు వెళ్ళి, అరగంటలో మా ఇంటికి తిరిగి వచ్చింది. వాకిట్లోనే నిలబడింది.

"అన్నయ్యా, తలలేలాడేసినయ్."

"ఎన్ని?"

"ఎన్నంటే ఏం చెప్పేది? నువ్వు రా."

నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళాను. నాకు మసకగా కనిపించింది. ఆమె చెయ్యి పట్టుకుని మడి చుట్టూ తిరిగి, నేల మీద అరచెయ్యి పెట్టి చూశాను. పైన పొర ఆరింది, వేలు దిగినంత లోతున బురద. వాన పడలేదు. మొక్కను లాగితే వేరు నల్లబడి మెత్తగా ఊడి వచ్చింది.

మా చివరి ఆయకట్టులో ఒక వాడుక ఉంది. కాలువ నీళ్ళు వంతుల మీద వస్తాయి. ఎవరైనా తన వంతులో తన చేను తడుపుకున్నాక ఇంకా కొంచెం వేళ మిగిలితే, మగదిక్కు లేని ఇంటివారి చేను పక్కన ఎండి కనిపించిందంటే, అడగకుండానే అటు గట్టు తెంపి నీళ్ళు వదులుతాడు. వదిలిన సంగతి చెప్పడు. చెప్పుకుంటే చేసిన సాయం చిన్నదవుతుందని అందరి నమ్మకం. మా చెల్లెలికి ఆరేళ్ళుగా అలా ఎన్ని తడులు అందాయో ఆమెకే తెలియదు. నేను ఈ ఊళ్ళో పుట్టినవాణ్ణి. నీటి లెక్కలు రాసి బతికినవాణ్ణి. ఎర్ర సిరాతో రాసుకున్న మాట పక్క చేను రైతుకు నోటితో చెప్పాలని నాకు తోచలేదు.

మధ్యాహ్నం వాడే ఎదురొచ్చాడు. చెల్లెలు నిలదీసింది.

"ఒరేయ్, మా మడికి నీళ్ళు నువ్వేనా పెట్టింది?"

వాడు మొదట మొహమాటపడ్డాడు, మెచ్చుకోబోతుందనుకున్నట్టున్నాడు. "అదేందక్కా, అదొక పెద్ద పనా. ఆదివారం ప్రార్థనకి పొయ్యేముందు మా వంతు అయిపోతా ఉంది. ఇంకా అరగంట నీళ్ళున్నయ్. నీ చేను చూస్తే నెర్రెలిచ్చి ఉంది. మడవ తీశా."

"ఎవరు పెట్టమన్నార్రా?"

"ఎవరు చెప్పాల? ఎండిపోతుంటే చూస్తా గుడికి పొమ్మంటావా? పాస్టరుగారు ఆ రోజు పొరుగువాడి గురించే చెప్పాడు."

నేను కల్పించుకున్నాను. "ఆ పంటకు ఈ దశలో నీళ్ళు పెట్టకూడదు."

"నీళ్ళు పెట్టకూడని పంట ఏందన్నా? అది పంటా, ఉపవాసమా?" అన్నాడు. ఆ తర్వాత చెల్లెలి ముఖం చూసి గొంతు తగ్గించాడు. "పోయినయ్యా?"

"పోతన్నయ్."

వాడు కాసేపు తువ్వాలు మెలిపెట్టి, నావైపు తిరిగాడు. "పెట్టకూడదని నాకు చెప్పావా అన్నా?"

"లేదు."

"పుస్తకంలో రాసుకున్నావా?"

"రాశాను."

"ఆ పుస్తకం తెచ్చి కాలవ గట్టున పెట్టాల్సింది."

ఆ రోజు పుస్తకంలో కారణం అన్న గడిలో వాడి పేరు రాయలేదు, నా పేరు రాసుకున్నాను.

ఆ తర్వాతి లెక్కలన్నీ చెల్లెలే పెట్టింది. నెలరోజులు వంగవద్దని, దుమ్ములోకి వెళ్ళవద్దని డాక్టరు చెప్పాడు. ఆమె నాలాగా ఒకటి రెండు అని లెక్కపెట్టదు. నాలుగేసి మొక్కలకు ఒక పుంజీ చొప్పున వేళ్ళ మడతల మీద లెక్కిస్తుంది. మొదట నాకు నమ్మకం కుదరలేదు. ఒకే సాలును రెండుసార్లు పెట్టించాను. రెండుసార్లూ ఒకే అంకె వచ్చింది. ఫిబ్రవరి అయిదున నూట అరవై పుంజీలు. పద్నాలుగున తొంభై ఒకటి. రోజూ సాయంత్రం వచ్చి, మెట్ల మీద కూర్చుని, అంకె చెప్పి, మా ఇంటావిడ ఇచ్చిన జీలకర్ర మజ్జిగ తాగి వెళ్ళేది. పక్క చేను రైతు కూడా రెండుసార్లు వచ్చి ఎన్ని మిగిలాయని అడిగి వెళ్ళాడు.

మార్చి ఎనిమిదో తేదీ, ఆదివారం, నాటిన నూటపన్నెండో రోజు. గింజ రాలకుండా ఉండాలని మంచు ఉండగానే, అయిదు గంటల యాభై నిమిషాలకు కోత మొదలుపెట్టాము. నలభై ఆరు పుంజీలు, పైన మూడు. నూట ఎనభై ఏడు మొక్కలు. దాదాపు అన్నీ మొదటి రెండు సాళ్ళవే. ఆ సాళ్ళు మడికి ఎగువన, ఇసుక పాలు ఎక్కువున్న గరప నేలలో ఉన్నాయి. నీళ్ళు వాటి దాకా ఎక్కలేదు. మిగతా ఎనిమిది సాళ్ళు నల్లరేగడి. మూడు రోజులు నీడలో ఆరబెట్టి, చేటలో నలిపి చెరిగి, బుధవారం పదిన్నరకు తూకం వేశాను. వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద ముందుగా యాభై గ్రాముల రాయి పెట్టి అది సరిగా ఉందని నిర్ధారించుకున్నాను.

తూకం అయ్యాక నేను చెల్లెలితో చెప్పవలసింది చెప్పాను.

"ఈ లెక్క చెల్లదు. మధ్యలో పొరపాటు జరిగింది. నీళ్ళు పెట్టకపోతే ఎంత వచ్చేదో మనకు తెలియదు. ఇంకొక ఏడు అర సెంటులో వేసి చూస్తేగాని ఏమీ తేలదు."

"ఉగాది ఎనిమిది రోజులుంది. ఆసామి ఇంకో ఏడు ఆగుతాడా?"

"అడగవచ్చు."

ఆమె గింజలను చేటలో ఒక పక్కకు దూస్తూ అంది: "పొరపాటు కాదన్నయ్యా. వాడు పెట్టకపోతే ఇంకోడు పెట్టేవాడు. ఊరంతా తిరిగి పెట్టొద్దని చెప్పావే అనుకో, అటు మిరపకి పెడతారు, ఇటు పత్తికి పెడతారు. ఆ తడి ఊటలో దిగి మన చేలోకి రాదా? ఊటకి చెప్పగలవా నువ్వు?"

నేను ముప్ఫై ఒక్క సంవత్సరాలు చూసింది నీటినే. కాలువ చేలో ఊట ఎంత దూరం దిగుతుందో అంకెలతో చెప్పగలను. ఆ అంకెను ఈ ప్రయోగంలో ఎక్కడా కలపలేదు.

"చెప్పలేను" అన్నాను.

"మరి? నిలబడినయ్ ఏయి? గరప నేలలో ఉన్నయ్యే. అంటే దానికి కావాల్సింది నీళ్ళందని నేల. నా దగ్గర ఉన్నది నీళ్ళు రావటం ఆగని నేల. అది దాని తప్పూ కాదు, వాడి తప్పూ కాదు." చేట పక్కన పెట్టి, "నీ తప్పు కొంచెం ఉంది" అంది.

"ఎంత?" అని అడిగింది మా ఇంటావిడ.

"అది కూడా తూకం ఏయించుకుంటాడేమో, కాటా తియ్యొద్దు వదినా."

ముగ్గురమూ నవ్వాము. ఆ మధ్యాహ్నం ఇంటావిడ ఆ గింజల్లో ఒక చెంచాడు వేయించి చారు పెట్టింది. గింజ కొట్లో దొరికేదానికన్నా సన్నం, వాసన గాఢం. అది నా ఒక్కడి అభిప్రాయం కాదు, ముగ్గురిదీ. పక్క చేను రైతుకు ఒక గిన్నెలో చారు పంపాము. గిన్నె తిరిగి ఇస్తూ, నీళ్ళు పెట్టినందుకే ఇంత రుచి వచ్చిందని వాడు అన్నాడు.

మార్చి పన్నెండు, గురువారం, చెల్లెలు నాతో కలిసి ఆసామి ఇంటికి వచ్చి కాలువ ఎకరం వదిలేస్తున్నానని చెప్పింది. మెట్ట రెండెకరాలు ఉంచుకుంది. కార్తీకంలో వాటిలో శనగ వేస్తుంది. వచ్చేటప్పుడు దారిలో ఆమె ఆ చేనువైపు చూడలేదు. నేను చూశాను.

లెక్క ఇది. నాటిన గింజలు మూడు వేలు. మొలిచినవి వెయ్యిన్ని ఆరువందల ఎనభై ఎనిమిది. పూతమీద నిలిచినవి పద్నాలుగువందల రెండు. కోతకు మిగిలినవి నూట ఎనభై ఏడు. కాటా మీద వచ్చిన జీలకర్ర ఎనభై నాలుగు గ్రాములు. అనుకున్న కిలోకు తొమ్మిదివందల పదహారు గ్రాములు తక్కువ.